జ్వరాన్ని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించడం ఎలా

తిరుమలకి బయల్దేరే ముందు మన తిరుపతిలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండినాయంట?" పేపర్లో ఆ లెక్క రోజూ వస్తుంది. వైరస్ సోకిన ఒంట్లో ఏం జరుగుతుందో లెక్కగట్టే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నదాన్ని కూడా కంపార్ట్‌మెంట్ మోడల్ అనే అంటారు. ఆరోగ్యంగా ఉన్న కణాలు ఒక గదిలో, వైరస్ సోకినవి ఇంకో గదిలో, విడిగా తిరిగే వైరస్ మూడో గదిలో. ఏ గదిలోకి ఎంత వేగంగా వస్తున్నాయి, ఎంత వేగంగా వెళ్ళిపోతున్నాయి అన్నదే మొత్తం కథ. క్యూలో కూర్చున్న అనుభవం ఉన్నవాళ్ళకి ఈ సబ్జెక్టు సగం వచ్చినట్టే.

ఇది ఎమ్మెస్సీలో బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, జువాలజీ, లేదంటే వెటర్నరీ కోర్సు చదువుతూ, లెక్కలంటే కాస్త బెరుకున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫరవాలేదు. ఒక ల్యాప్‌టాప్, అందులో ఏదో ఒక స్ప్రెడ్‌షీట్, రెండు సాయంత్రాల ఓపిక ఉంటే చాలు. ఫోన్‌లో చేయొద్దు. ఎనిమిది వందల వరసల షీట్‌ని వేలితో కిందికి లాగితే చేయి నొప్పి తప్ప ఇంకేం మిగలదు.

మొదటి మెట్టు: ఏ జబ్బుతో మొదలుపెట్టాలి

మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది "డెంగీ చేస్తాం మేడం" అంటారు. వానలు పడ్డాక ఊళ్ళో అందరి నోటా ప్లేట్‌లెట్ల మాటే కాబట్టి ఆ కోరిక సహజమే. కానీ మొదటి మోడల్‌కి డెంగీ పనికిరాదు. దోమ ఏ రోజు కుట్టిందో రోగికి తెలియదు. జ్వరం వచ్చి, రక్తం ఇచ్చేసరికి వైరస్ శిఖరానికి చేరి ఉంటుంది, లేదా దాటిపోయి ఉంటుంది. అంటే గ్రాఫ్‌లో ఎడమ సగం మీ చేతికి రాదు. పైగా డెంగీలో నాలుగు రకాలున్నాయి. ఒక రకానికి పుట్టిన యాంటీబాడీలు ఇంకో రకం సోకినప్పుడు వైరస్‌ని కణాల్లోకి దూర్చడానికే సాయపడే ప్రమాదం ఉంది. కాపలావాడే తలుపు తీసే కథతో అక్షరాభ్యాసం వద్దు.

ఫ్లూతో మొదలుపెట్టండి. ఒప్పుకున్న వాలంటీర్ల ముక్కులోకి వైరస్‌ని వదిలి, రోజూ ముక్కు కడిగిన నీళ్ళలో ఎంత వైరస్ ఉందో కొలిచిన ప్రయోగాలున్నాయి. సున్నా గంట కచ్చితంగా తెలుసు. 2006లో బాకమ్, పెరెల్సన్ తదితరులు అలాంటి కొలతల మీదే ఒక చిన్న మోడల్ కట్టారు. మనం కట్టబోయేది అదే.

రెండో మెట్టు: గదులు, తలుపులు

కాగితం మీద మూడు డబ్బాలు గీయండి. ఆరోగ్య కణాలు, సోకిన కణాలు, వైరస్. ఇప్పుడు బాణాలు గీయాలి.

వైరస్ ఆరోగ్య కణాన్ని తాకితే అది సోకిన కణం అవుతుంది. ఈ వేగాన్ని బీటా అంటారు. సోకిన కణం కొంతసేపటికి చచ్చిపోతుంది, ఆ రేటు డెల్టా. బతికున్నంతసేపూ అది వైరస్‌ని బయటికి వదులుతుంది, ఆ రేటు పి. విడిగా ఉన్న వైరస్ చీమిడితో కొట్టుకుపోవడం వల్లో, దానంతటదే పాడవడం వల్లో పోతూ ఉంటుంది, ఆ రేటు సి. నాలుగంటే నాలుగే అంకెలు.

బాణాలు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఒక పాత కథ ఉంది. హెచ్ఐవీ సోకినవాళ్ళలో మొదటి జ్వరం తగ్గాక ఏళ్ళ తరబడి రక్తంలో వైరస్ ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటుంది. అందుకని అది లోపల నిద్రపోతోందని చాలామంది అనుకున్నారు. ఇప్పుడు క్యూ కాంప్లెక్స్‌ని తలుచుకోండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్ని కంపార్ట్‌మెంట్లూ నిండే ఉన్నాయంటే క్యూ కదలడం లేదని అర్థమా? వచ్చేవాళ్ళూ దర్శనానికి వెళ్ళేవాళ్ళూ సమానంగా ఉన్నారని అర్థం. క్యూ ఎంత వేగంగా కదులుతోందో తెలియాలంటే కింద గేటు మూసి, లోపలున్నవాళ్ళు ఎంతసేపటికి ఖాళీ అవుతారో చూడాలి. డేవిడ్ హో, అలన్ పెరెల్సన్, జార్జ్ షా వంటివాళ్ళు 1995, 96లలో చేసింది సరిగ్గా ఇదే. కొత్త కణాలకి వైరస్ సోకకుండా మందు వేసి గేటు మూశారు. వైరస్ ఎంత త్వరగా తగ్గుతుందో కొలిచారు. రక్తంలోని వైరస్‌లో సగం ఆరు గంటల్లో మాయమవుతోందని, రోజుకి వెయ్యి కోట్ల వైరస్‌లు కొత్తగా పుడుతున్నాయని తేలింది. నిద్ర కాదు, క్షణం తీరికలేని యుద్ధం. మట్టం చూసి వేగం చెప్పలేం. మీ షీట్‌లో ఏ గది నిలకడగా కనిపించినా ఈ గేటు మూసే పరీక్ష చేయండి.

మూడో మెట్టు: షీట్ కట్టడం

షీట్ పైభాగంలో ఈ అంకెలు విడివిడి గళ్ళలో రాసుకోండి. 2006 నాటి ఫ్లూ లెక్కలో వచ్చిన సగటులు ఇవి:

మొదట ఉన్న ఆరోగ్య కణాలు: 40 కోట్లు (400000000)
మొదటి వైరస్: 0.093 (మిల్లీలీటరుకి, టీసీఐడీ50 అనే కొలతలో, అంటే ల్యాబ్‌లో పెంచిన కణాల గిన్నెల్లో సగానికి వైరస్ సోకించే మోతాదు లెక్కన)
బీటా: 0.000027
పి: 0.012
డెల్టా: రోజుకి 4
సి: రోజుకి 3
కాలం అడుగు (ఒక వరస నుంచి తర్వాతి వరసకి గడిచే కాలం): 0.01 రోజు, అంటే సుమారు పద్నాలుగున్నర నిమిషాలు

కింద నాలుగు కాలమ్‌లు: కాలం, ఆరోగ్య కణాలు, సోకిన కణాలు, వైరస్. మొదటి వరసలో 0, 400000000, 0, 0.093. రెండో వరస నుంచి సూత్రాలు ఇవి. కుడివైపు ఉన్నవన్నీ పై వరసలోని పాత విలువలే. ఇక్కడ పొరపాటు పడితే అంతా తప్పుతుంది.

కొత్త ఆరోగ్య కణాలు = ఆరోగ్య కణాలు − (బీటా × ఆరోగ్య కణాలు × వైరస్) × అడుగు

కొత్త సోకిన కణాలు = సోకిన కణాలు + (బీటా × ఆరోగ్య కణాలు × వైరస్ − డెల్టా × సోకిన కణాలు) × అడుగు

కొత్త వైరస్ = వైరస్ + (పి × సోకిన కణాలు − సి × వైరస్) × అడుగు

పైన రాసుకున్న స్థిరాంకాలకి డాలర్ గుర్తు పెట్టి లాక్ చేయడం మరవకండి. లేకపోతే కిందికి లాగిన కొద్దీ బీటా స్థానంలో ఖాళీ గడి వచ్చి కూర్చుంటుంది. రెండో వరసలో సోకిన కణాలు 10.04, వైరస్ 0.09021 వస్తే మీ సూత్రాలు సరిగ్గా ఉన్నట్టు. రాకపోతే ముందుకి వెళ్ళొద్దు. వచ్చాక 800 వరసల దాకా లాగండి, ఎనిమిది రోజులవుతాయి.

వైరస్ కాలమ్‌ని గ్రాఫ్ గీసి, నిలువు అక్షాన్ని లాగ్ స్కేల్‌కి, అంటే ఒక్కో మెట్టుకి పది రెట్లు పెరిగే కొలబద్దకి మార్చండి. మార్చకపోతే మధ్యలో ఒక సూది తప్ప ఏమీ కనపడదు. మొదట కాస్త దిగి, తర్వాత దాదాపు రెండు గంటలకోసారి రెట్టింపవుతూ, 2.3, 2.4 రోజుల ప్రాంతంలో నాలుగు లక్షల పైచిలుకు దగ్గర శిఖరం తాకి, ఐదో రోజుకి కొన్ని వందలకి దిగాలి. ఎనిమిదో రోజు ముగిసేసరికి మొదలుపెట్టిన చోటు కంటే కిందికి వెళ్ళాలి. అచ్చం ఫ్లూ జ్వరం లాగే.

నేను మొదటిసారి చేసినప్పుడు వరసలు తక్కువైతే బాగుంటుందని కాలం అడుగుని పావు రోజు పెట్టాను. శిఖరం దగ్గర ఆరోగ్య కణాలు మైనస్‌లోకి వెళ్ళిపోయాయి. సున్నా కంటే తక్కువ కణాలు! గంటసేపు జీవశాస్త్రంలో కారణం వెతికాను. తప్పు జీవశాస్త్రంలో లేదు. ఆరు గంటలు కళ్ళు మూసుకుని నడిస్తే గోడ దాటి అవతలికి వెళ్ళినట్టే లెక్క కూడా. అందుకని ఎప్పుడూ అడుగుని సగం చేసి మళ్ళీ నడిపి చూడండి. శిఖరం కొద్దిగా జరిగితే ఫరవాలేదు, గీత రూపమే మారిపోతే మాత్రం మీరు చూస్తున్నది వైరస్‌ని కాదు, మీ అడుగుని.

బీటా, పి, మొదటి కణాలు మూడింటినీ గుణించి, సి, డెల్టాల లబ్ధంతో భాగించండి. 10.8 వస్తుంది. చుట్టూ అన్నీ ఆరోగ్య కణాలే ఉన్నప్పుడు ఒక సోకిన కణం సగటున ఎన్ని కొత్త కణాలకి అంటిస్తుందో చెప్పే అంకె ఇది. ఒకటి కంటే దిగువకి తెస్తే వైరస్ నిలబడదు. పి ని 95 శాతం తగ్గించే మందుని మొదటి రోజే వేసినట్టు, తర్వాత మూడో రోజు వేసినట్టు రెండుసార్లు నడిపి చూడండి. ఫ్లూ మందుని లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెట్టమని డాక్టర్లు ఎందుకంటారో గ్రాఫే చెప్తుంది. ఆ 48 గంటలు లక్షణాల నుంచి, మన గడియారం వైరస్ సోకిన క్షణం నుంచి. రెండూ కలిపేయకండి.

నాలుగో మెట్టు: ఇమ్యూనిటీ ఎక్కడుంది?

ఈ షీట్ కట్టిన ఉత్సాహంలో నేను ఒక సెమినార్‌లో "వైరస్‌కి రోగనిరోధక స్పందన: ఒక కంప్యూటర్ మోడల్" అని పేరు పెట్టి చూపించాను. గీత కొలతల మీద చక్కగా పడింది. చప్పట్లు కూడా కొట్టారు. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్ద వెటర్నరీ డాక్టరు గారు లేచి ఒకే ముక్క అడిగారు. "అంతా బాగుంది గానీ, ఇందులో ఇమ్యూనిటీ యాడుందమ్మా?"

లేదు. మీ షీట్‌లోనూ లేదు. ఎనిమిదో రోజు ఆరోగ్య కణాల కాలమ్ చూడండి. 40 కోట్లలో కొన్ని వేలు మాత్రమే మిగిలి ఉంటాయి. ఈ మోడల్‌లో జ్వరం తగ్గడానికి కారణం ఒంట్లో శక్తి కాదు, కాలడానికి కట్టెలు అయిపోవడం. అయినా గీత కొలతలతో కలిసింది. గీత కలవడం వేరు, కారణం కలవడం వేరు అని నాకు ఆరోజు ఏ పుస్తకమూ చెప్పనంత గట్టిగా తెలిసింది. ఈ గైడ్ రాయడానికి అసలు కారణం కూడా అదే.

ఇప్పుడు ఆ షీట్‌ని కాపీ చేసి రెండో షీట్ పెట్టండి. ఇందులో ఇంటర్‌ఫెరాన్ వస్తుంది. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనిపెట్టిన పదార్థం. సోకిన కణం చచ్చేలోపు దీన్ని వదిలి పక్కవాళ్ళని హెచ్చరిస్తుంది, విన్న కణాలు తలుపులు బిగించుకుంటాయి. అందుకని 'భద్ర కణాలు' అని నాలుగో గది కట్టండి. ఆరోగ్య కణాల నుంచి ఇందులోకి వెళ్ళే వేగం = 0.00000003 × ఆరోగ్య కణాలు × సోకిన కణాలు. తిరిగి బయటికి వచ్చే వేగం ప్రస్తుతానికి సున్నా. ఆరోగ్య కణాల సూత్రంలో ఈ నష్టాన్ని కూడా కలపండి. ఈ అంకె నేను సాధన కోసం ఎంచుకున్నది, ఏ ప్రయోగంలోంచీ తీసింది కాదు.

నడిపి చూస్తే శిఖరం నాలుగు లక్షల నుంచి రెండున్నర లక్షల లోపుకి దిగుతుంది. దిగే వాలు మాత్రం మారదు. కానీ నూటికి నలభై కణాలు భద్రంగా బతికి ఉంటాయి. ఒక షీట్‌లో ముక్కు లోపలి పొర నాశనం, ఇంకో షీట్‌లో దాదాపు సగం క్షేమం. మరి రెండు గ్రాఫ్‌లనీ లాగ్ స్కేల్‌లో ఒకదాని మీద ఒకటి వేయండి. శిఖరాల మధ్య తేడా ఒక పది రెట్ల మెట్టులో పావు వంతే. ముక్కు నీళ్ళలో వైరస్ కొలతకి అంతకంటే ఎక్కువ ఎగుడుదిగుడు మామూలే. అంటే వైరస్‌ని మాత్రమే కొలిచినవాళ్ళు ఈ రెండు కథల్లో ఏది నిజమో చెప్పలేరు.

ఐదో మెట్టు: వారం తర్వాత ఏమవుతుంది

రెండో షీట్‌ని 1,500 వరసలకి పొడిగించి, భద్ర కణాలు తిరిగి మామూలు అయ్యే వేగాన్ని రోజుకి 0.05 పెట్టి, అలా బయటికి వచ్చినవాటిని ఆరోగ్య కణాల సూత్రంలో కలపండి. హెచ్చరిక ఎల్లకాలం ఉండదు కదా. వారం దాటాక అడుగంటిన వైరస్ గీత నెమ్మదిగా మళ్ళీ లేవడం చూస్తారు. తలుపు తీసిన కణాలు దానికి కొత్త మేత. వాలంటీర్లలో కూడా కొందరికి రెండు శిఖరాలు కనిపించాయి. వాటిని వివరించడానికి ఆ 2006 బృందం ఇంటర్‌ఫెరాన్‌నే తెచ్చింది.

అయితే మామూలు మనిషికి ఫ్లూ మళ్ళీ మళ్ళీ లేవదు. ఎందుకంటే ఈలోపు రెండో దళం వస్తుంది. సోకిన కణాలని చంపే టి కణాలు, వైరస్‌ని పట్టేసే యాంటీబాడీలు. ఇవి తయారవడానికి రోజులు పడుతుంది. రెండో షీట్‌ని కాపీ చేసి, ఆ మూడో షీట్‌లో యాంటీబాడీని మాత్రం కలుపుదాం. సున్నాకీ ఒకటికీ మధ్య ఉండే ఒక కాలమ్ పెట్టండి. మొదటి విలువ 0.001. పెరిగే వేగం = 1.5 × యాంటీబాడీ × (1 − యాంటీబాడీ). వైరస్ సూత్రంలో సి ఉన్నచోట, సి + 40 × యాంటీబాడీ అని రాయండి. నాలుగున్నర రోజులకి యాంటీబాడీ సగానికి చేరుతుంది, రెండో లేవడం మాయమవుతుంది.

ఇప్పుడు యాంటీబాడీ మొదటి విలువని 0.9 చేయండి. అంటే ఇదే వైరస్ ముందే చూసిన మనిషి, లేదా దానికి సరిపోయిన టీకా వేయించుకున్న మనిషి. ఇందాకటి 10.8 ఇప్పుడు 0.83 అవుతుంది. గీత అసలు లేవనే లేవదు. నాకు ఈ గైడ్ మొత్తంలో ఇష్టమైన క్షణం ఇదే. ఒక గడిలో అంకె మార్చితే జ్వరమే రాలేదు.

ఇందులో ఒక మోసం ఉంది, చెప్పాలి. ఈ యాంటీబాడీ గడియారం ప్రకారం పెరుగుతోంది, వైరస్ ఉన్నా లేకపోయినా. ఒంట్లో అలా జరగదు. వైరస్ ఒక మట్టం దాటాకే పెరగడం మొదలయ్యేలా మార్చడం మీ హోంవర్క్.

ఆరో మెట్టు: కొలతలకి కట్టడం

మీ దగ్గర నిజమైన కొలతలుంటే, కొలతకీ మోడల్‌కీ తేడాని లాగ్‌లోకి మార్చాకే వర్గం చేసి కూడండి. మార్చకుండా కూడితే శిఖరం దగ్గరున్న ఒక్క చుక్క మిగతా అన్నిటినీ నొక్కేస్తుంది. ల్యాబ్ "కనపడలేదు" అని ఇచ్చిన రోజుల్లో సున్నా రాయకండి, ఆ పరీక్ష పట్టగలిగే కనీస మట్టం కంటే తక్కువ అని గుర్తు పెట్టుకోండి. తర్వాత ఎక్సెల్‌లో సాల్వర్ అనే సాధనం ఆ మొత్తాన్ని తగ్గించే అంకెలు వెతికిపెడుతుంది.

వెతికిపెట్టింది కదా అని నమ్మేయకండి. మొదటి షీట్‌లో ఒక చిన్న పని చేయండి. మొదటి ఆరోగ్య కణాలని పది రెట్లు చేసి, పి ని పదో వంతు చేయండి. వైరస్ గీత వెంట్రుకవాసి కూడా కదలదు. ఆ రెండింటి గుణకారం మాత్రమే గీతలో కనిపిస్తుంది, విడివిడిగా అవి కనపడవు. సాల్వర్ మాత్రం ఏమీ ఎరగనట్టు రెండింటికీ ఆరేసి దశాంశాలతో అంకెలిస్తుంది. అందుకే కణాల సంఖ్యని బయటి నుంచి తెచ్చి స్థిరంగా ఉంచాలి.

షీట్ బరువెక్కాక పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి మారండి. దాని సైపై లైబ్రరీలో ఇలాంటి సమీకరణాల్ని నడిపే పనిముట్లు సిద్ధంగా ఉన్నాయి, కాలం అడుగుని అవే సర్దుకుంటాయి. గూగుల్ కొలాబ్‌లో బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఒక్కో కణాన్నీ విడిగా కదిలించే మోడళ్ళు కూడా ఉన్నాయి. చెలాడా, సైడెన్ 1992లో మొదలుపెట్టిన ఇమ్‌సిమ్ ఆ దారిదే. అందులో ప్రతిదీ పాచికల మీద నడుస్తుంది కాబట్టి ఒక్కసారి నడిపి వచ్చిన బొమ్మని థీసిస్‌లో అంటించకండి, కనీసం వందసార్లు నడపండి. మొదటి ఏడాదిలో అటు పోకపోవడమే మంచిదని నా ఉద్దేశం. బొమ్మలు అందంగా కదులుతాయి, ఎందుకు కదిలాయో అడిగితే చెప్పలేం.

ఇంకోమాట. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే ఈ షీట్ తెరిచి మందు నిర్ణయించకండి. ఇవి సగటు అంకెలు, మీ అమ్మగారి అంకెలు కావు.

ఏడో మెట్టు: ఎవరికైనా చూపించేముందు

మూడు షీట్‌లనీ పక్కపక్కన పెట్టి, ఏ రోజు ఏది కొలిస్తే ఇవి విడిపోతాయో వెతకండి. మొదటి రెండింటినీ వైరస్ మొదటి వారంలో విడదీయదు. రెండో రోజు నుంచి మూడో రోజు లోపు ముక్కు నీళ్ళలో ఇంటర్‌ఫెరాన్, రాలిపోయిన కణాలు కొలిస్తే విడదీయొచ్చు. రెండో షీట్‌నీ మూడో షీట్‌నీ మాత్రం వైరసే విడదీస్తుంది, కాకపోతే వారం దాటాక కూడా శాంపిల్ తీయాలి. చాలామంది జ్వరం తగ్గగానే తీయడం మానేస్తారు.

రెండు వారాల తర్వాత నేను ఈ జాబితా పట్టుకుని ఆ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. షీట్‌ల వైపు పెద్దగా చూడలేదు. జాబితాలో మూడో రోజు దగ్గర వేలు పెట్టి, "ఆ రోజు దూడ ముక్కులో పుల్ల పెట్టనిస్తుందనుకున్నావా?" అన్నారు. నవ్వుతూనే పెన్ను తీసి, ఏ రోజు ఎన్ని శాంపిళ్ళు తీయడం కుదురుతుందో ఆ కాగితం వెనకాలే రాయడం మొదలుపెట్టారు.